విచారణకు హాజరైన పరుపు

సోమవారం పొద్దున జాన్‌బాషా అనుకున్న పని ఒక్కటే. పెళ్లివారి జోడు పరుపుల్లో రెండోదానికి దూది కూరి, ఎండ ముదరకముందే అంచులు కుట్టెయ్యాలి. జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో అతను ఇరవై ఆరేళ్లుగా పరుపులు కుడుతున్నాడు. ఫోము పరుపులు వచ్చాక గిరాకీ పలచబడింది కానీ, వాటి మీద పడుకుని నడుం పట్టేసినవాళ్లంతా చివరికి అతని దగ్గరికే వస్తున్నారు. అందుకని ఫోము కంపెనీల మీద అతనికి కోపమేమీ లేదు. ఫోము మీద మాత్రం ఉంది.

దబ్బనంలోకి దారం ఎక్కిస్తుండగా పోస్టుమాన్ వచ్చి, ఒక రిజిస్టరు కవరు ఇచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. కవరు మీద ప్రభుత్వ ముద్ర ఉంది. జాన్‌బాషా తెలుగు చదవగలడు. అయితే ఈ కాగితంలో మొదటి పేరాలో మొదలైన వాక్యం రెండో పేరా చివరిదాకా ఆగలేదు. అతను సగం దూరం వెళ్లి, ఊపిరాడక వెనక్కి వచ్చేశాడు.

ఎదురింట్లో దేవమణి టీచరు ఉంటుంది. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరైంది. జాన్‌బాషా భార్య అమీర్‌బీ వెళ్లి ఆమెను పిలుచుకొచ్చింది. దేవమణి కళ్లజోడు సర్దుకుని, క్లాసులో పాఠం చదివినట్టు విరామాలతో సహా చదివింది.

"మునేరు మిత్ర సహకార బ్యాంకు లావాదేవీలపై ప్రభుత్వం నియమించిన విచారణలో భాగంగా, సదరు బ్యాంకుకు తమరు సరఫరా చేసిన పరుపుల విషయమై, ఈ నెల ఇరవయ్యవ తేదీ గురువారం ఉదయం పదకొండు గంటలకు, నందిగామలోని విచారణ కార్యాలయమునకు, తగిన ఆధారములతో స్వయముగా హాజరు కావలెను. హాజరు కాని యెడల చట్టరీత్యా చర్య తీసుకొనబడును."

మునేరు మిత్ర అన్నది ఆ సందులో ఎవరూ మామూలుగా పలికే పేరు కాదు. నాలుగేళ్ల కిందట ఒక శనివారం అది మూతపడింది. దాని బోర్డు మీద 'బ్యాంకు' అన్న మాట మూరెడు అక్షరాల్లోనూ, 'పరపతి సంఘం' అన్న మాట అగ్గిపుల్లంత అక్షరాల్లోనూ ఉండేవి. ఆ చిన్న అక్షరాలు బ్యాంకు మూతపడ్డాక గానీ ఎవరి కంటా పడలేదు. దేవమణికి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో మూడు లక్షల ఇరవై వేలు అందులోనే ఉండిపోయాయి.

"పరుపుల విషయమై అంటున్నారు. నేనిచ్చింది ఒకటే పరుపండి," అన్నాడు జాన్‌బాషా. "మేనేజరు నవీన్‌బాబుగారు గెస్టు రూముకని చేయించుకున్నారు. ఇరవై మూడొందలు తీసుకున్నా. ఆరేళ్లు దాటింది."

"ప్రభుత్వంవారు గౌరవార్థం బహువచనం వాడతారు," అంది దేవమణి.

"పరుపుక్కూడానా?"

"నిన్ను తమరు అన్నారుగా. ఆ ఊపులో పరుపుక్కూడా పడిపోయి ఉంటుంది."

వ్యాకరణం సంగతి అలా తేలిపోయింది. తేలనిది అసలు సంగతి. కోట్లు మాయమైన బ్యాంకు గురించి విచారించే ప్రభుత్వానికి ఒక దూది పరుపుతో పనేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

"ఆధారాలంటే ఏంటి టీచరుగారూ?" అని అమీర్‌బీ అడిగింది.

"రుజువులు. బిల్లు ఉందా బాషా?"

"బిల్లు వాళ్లకే ఇచ్చానుగా అండి."

దేవమణి కాగితం మడిచి కాసేపు ఆలోచించింది. "బిల్లు లేకపోతే పరుపుకి ఇంకేం ఆధారం ఉంటుంది. పరుపే ఉంటుంది. దాన్నే పట్టుకెళ్లాలి," అంది.

ఆ పని మీద ఆమెకు వెంటనే శ్రద్ధ కలగడానికి కారణం ఉంది. మూడేళ్లలో ఆమె నందిగామ విచారణ కార్యాలయానికి పదకొండుసార్లు వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ అర్జీ తీసుకుని, పిలుస్తామన్నారు. పిలవలేదు. ఆ బ్యాంకులో ఒక్క రూపాయి కూడా దాచుకోని జాన్‌బాషాను మాత్రం రిజిస్టరు పోస్టులో పిలిచారు.

"గురువారం నేనూ వస్తా," అంది ఆమె. "సాక్షికి చదివిపెట్టే మనిషి ఒకళ్లుండాలి."

ఈ సంగతి బయట ఎవరికీ చెప్పకూడదని అమీర్‌బీ గట్టిగానే అనుకుంది. సొంత చెల్లెలు సుల్తానా 'బయట' కిందికి రాదు గనక ఆమెకు మాత్రం ఫోన్ చేసి చెప్పింది.

"పరుపు తెమ్మన్నారా? పరుపేం చేసుకుంటారక్కా గవర్నమెంటోళ్లు?" అంది సుల్తానా.

"అదే తెలవట్లేదే."

"పరుపులో ఏముంటది. దూదేగా?"

"దూదే."

సుల్తానా గొంతు తగ్గించింది.

"బావ ఇచ్చినప్పుడు దూదేలే," అంది సుల్తానా. "ఆ తర్వాత వాళ్లు ఏం పెట్టుకున్నారో మనకేం తెలుసు."

ఆ ఒక్క ముక్క మధ్యాహ్నానికి సందు దాటింది. సాయంత్రం దేవరాజ్ టీ కొట్టు చేరేసరికి, మేనేజరు పరుపులో పాతిక లక్షలు కుట్టించుకున్నాడన్న రూపానికి వచ్చింది. బ్యాంకులో లక్షా పదివేలు పోగొట్టుకున్న దేవరాజ్ ఆ అంకెను ఊరికే నమ్మే మనిషి కాదు. బిస్కెట్ ప్యాకెట్ ఒకటి నోట్ల కట్టంత ఉంటుందని అంచనా వేసుకుని, బల్ల మీద వరుసగా పేర్చి, స్కేలుతో కొలిచి, ఆరడుగుల పరుపులో కోటిన్నర పడుతుందని తేల్చాడు. 'పడుతుంది' అన్న మాట మంగళవారం పొద్దుటికి 'ఉంది' అయింది.

అదే రోజు దేవరాజ్ ఒక దిండు పట్టుకుని జాన్‌బాషా షాపుకు వచ్చాడు. దిండు ఒక పక్క నిలువునా తెరుచుకుని ఉంది.

"ఎలక కొట్టింది బాషా. కుట్టిపెట్టు."

జాన్‌బాషా దిండు తిప్పి చూశాడు. ఎలక కత్తెరతో, గీత గీసినంత తిన్నగా కొట్టింది. ఆ దిండు కూడా ఆరేళ్ల కిందట, బ్యాంకు పరుపు కుట్టిన నెలలోనే తన దగ్గర కుట్టించుకున్నది. సరుకు ఎక్కడైనా తారుమారైందేమో అని దేవరాజ్ ఆశ. పన్నెండయ్యేసరికి మరో ఏడు దిండ్లు, రెండు పరుపులు వచ్చాయి. అన్నిటినీ ఎలకలే కొట్టాయి.

"దూదే నాయనా, నా చేత్తో నేనే కూరా," అని జాన్‌బాషా వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. ఎంత చెబితే వాళ్లకు అంత నమ్మకం కుదిరింది. దాస్తున్నాడంటే ఉందన్నమాటేగా. చివరికి అతనికే అనుమానం పట్టుకుంది. పరుపు అప్పజెప్పిన రోజు నవీన్‌బాబు దాన్ని అరచేత్తో నొక్కి, "అవసరమైతే విప్పుకోవచ్చా బాషా?" అని అడిగాడు. ఆరేళ్ల కిందట మామూలుగా వినపడిన ఆ మాట ఇప్పుడు మరోలా వినపడసాగింది.

పరుపు ఎక్కడుందో దేవమణికి తెలుసు. బ్యాంకు సామాను వేలం వేసిన రోజున ఆమె వెళ్లి చివరి వరుసలో కూర్చుంది. తన డబ్బుతో కొన్న కుర్చీలు ఎంతకు పోతాయో చూడాలనిపించింది. ఒక్కొక్కటి నూట ముప్పైకి పోయాయి. మూడు మంచాలు, ఒక పరుపు కలిపి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర దాబా నడిపే యూనస్ పద్దెనిమిదొందలకు పాడుకున్నాడు.

మంగళవారం భోజనాలయ్యాక ఆమె, జాన్‌బాషా ఆటో ఎక్కి గరికపాడు వెళ్లారు. యూనస్ మర్యాదగా టీ ఇచ్చాడు. "ఆ పరుపేగా, తీసుకెళ్లు మామా. బదులు ఇంకోటి పంపించు," అన్నాడు. దాబా వెనక రేకుల షెడ్డులో, లారీ డ్రైవర్ల కోసం వేసిన మంచాల్లో ఒకదానికే పరుపుంది. దాని మీద ఒక డ్రైవరు బోర్లా పడుకుని నిద్రపోతున్నాడు. జాన్‌బాషా వంగి, పరుపు అంచు వెంట వేలు జరిపాడు. నాలుగు వేళ్లకొక ముడి. తన కుట్టే.

డ్రైవరు ఒక కన్ను తెరిచాడు. "ఏందన్నా, గోకుతున్నవ్?"

"నిన్ను కాదు బాబూ. పరుపుని."

"నాలుగింటికి లేస్త. అప్పటిదాంక ఆగుండ్రి," అని డ్రైవరు కన్ను మూశాడు.

నాలుగింటిదాకా ఆగితే సరిపోయేది. కానీ మూడున్నరకు యూనస్‌కు జగ్గయ్యపేట నుంచి మేనత్త ఫోన్ చేసింది. మాట్లాడి వచ్చేసరికి అతని ముఖం మారిపోయింది.

"మామా, పరుపు ఇవ్వడం కుదరదు."

"ఇప్పుడేగా తీసుకెళ్లమన్నావు?"

"ఏమో మామా. దీని మీద పడుకోడం అలవాటైపోయింది నాకు."

"నువ్వు ఇంటికెళ్లి పడుకుంటావుగా రోజూ."

"ఇవాళ్టి నుంచి ఇక్కడే పడుకుంటా."

నాలుగింటికి డ్రైవరు లేవగానే, పరుపు ఇంకా వెచ్చగా ఉండగానే, యూనస్ దాని మీద వెల్లకిలా పడుకుని రెండు చేతులతో రెండు అంచులూ పట్టుకున్నాడు. దేవమణి పక్కనే నిలబడి నోటీసు మొదటి నుంచీ చదివింది. చట్టరీత్యా చర్య అన్నచోట రెండుసార్లు చదివింది. యూనస్ పడుకునే విన్నాడు.

"నేనే తెస్తా. గురువారం నా ట్రాలీ ఆటోలో వేసుకుని వస్తా. విప్పేదేదో ఆఫీసరు ముందే విప్పాలి. అందులో ఉన్నదాంట్లో సగం నాది, పాడుకున్నవాణ్ణి నేను."

"ఉన్నదంతా డిపాజిటర్లది," అంది దేవమణి.

"అందులో ఏం లేదు," అన్నాడు జాన్‌బాషా. ఆ మాట ఇద్దరూ వినిపించుకోలేదు. యూనస్ వాటా పదో వంతు దగ్గర తెగేసరికి ఆరయింది.

గురువారం పొద్దున ట్రాలీ ఆటో జగ్గయ్యపేట వచ్చింది. తోలడానికి మనిషిని పెట్టుకుని యూనస్ వెనక పరుపు మీద కూర్చున్నాడు. దేవమణి, జాన్‌బాషా చెరో పక్క ఒరిగి కూర్చున్నారు. దేవరాజ్ టీ కొట్టు మూసి స్కూటరు మీద వెంట బయలుదేరాడు. చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కేసరికి వెనక ఆరు బళ్లున్నాయి. టోల్‌గేటు దగ్గర ఉద్యోగి వంగి చూసి, "లోడేంటి?" అన్నాడు.

"పరుపు," అన్నాడు యూనస్.

"వెనక వాళ్లంతా?"

"వాళ్లదీ ఇదే పరుపు."

నందిగామ చేరేసరికి నలభై మంది దాకా అయ్యారు. డిపాజిటర్లు కొందరు వ్యాను మాట్లాడుకుని వచ్చారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. పెద్దాసుపత్రి నుంచి మనిషిని ఇంటికి తెస్తున్నట్టు అందరూ ఆ పరుపు చుట్టూ జాగ్రత్తగా నడుస్తున్నారు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. "పరుపులు లోపలికి తీసుకుపోడానికి లేదు. ఇక్కడ ఎవరూ పడుకోకూడదు."

"పడుకోడానికి కాదు బాబూ. సాక్ష్యం," అంది దేవమణి.

"సాక్ష్యమైతే కాయితాల్లో ఉండాలమ్మా."

యూనస్ ముందు నుంచి లాగాడు. వాచ్‌మన్ లోపలి నుంచి నెట్టాడు. సాయం పడదామని దేవరాజ్ వెనక మూల పట్టుకుని ఎత్తాడు. ఆరేళ్ల గుడ్డ, వందల మంది డ్రైవర్లను మోసిన గుడ్డ. బర్రున ఈ చివరి నుంచి ఆ చివరికి చిరిగింది. దూది బయటికి రాగానే ఎన్ని చేతులు లోపలికి వెళ్లాయో ఎవరూ లెక్కపెట్టలేదు. యూనస్ పదో వంతు సంగతి అరిచి చెబుతూనే మోచేతి దాకా దూర్చాడు.

ఒక దువ్వెన దొరికింది. మూల చిరుగులోంచి జారిపోయిన రెండు టోలు రసీదులు, ఒక రూపాయి బిళ్ల, సగం వాడిన తలనొప్పి మాత్రల పట్టీ దొరికాయి. తర్వాత ఇంకేమీ దొరకలేదు. చేతులు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. తెల్లటి దూది గాలికి లేచి, కాంపౌండు గోడ మీదా, జీపు మీదా, వాచ్‌మన్ మీసాల మీదా వాలుతోంది.

దేవమణి చెయ్యి పెట్టలేదు. గేటు పక్కన నిలబడి చూస్తూనే ఉంది. లేదని తెలిసి కూడా తాను ఆశపడ్డానని ఆ దువ్వెన బయటికి వచ్చినప్పుడు ఆమెకు అర్థమైంది. పోయిన డబ్బు గురించి మొదటిసారి సిగ్గు కూడా వేసింది.

"ఏంటిదంతా?"

వరండాలో విచారణాధికారి భవానీప్రసాద్ నిలబడి ఉన్నాడు. వెనక స్టెనో రాజ్యశ్రీ నోటుపుస్తకంతో తొంగిచూస్తోంది.

"పరుపండి," అన్నారు నలుగురైదుగురు.

"ఎవరిది?"

అయిదు నిమిషాల కిందటిదాకా అది అక్కడున్న అందరిదీ. ఇప్పుడు అందరూ ఒక్కో అడుగు వెనక్కి వేశారు. యూనస్ తన చేతికంటిన దూది దులుపుకున్నాడు. జాన్‌బాషా ఒక్కడే పరుపు పక్కన మిగిలాడు.

"కుట్టింది నేనండి. జాన్‌బాషా, జగ్గయ్యపేట. ఆధారాలతో రమ్మని కాయితం పంపారు."

భవానీప్రసాద్ లోపలికి వెళ్లి ఒక ఫైలు తెచ్చుకున్నాడు. ఫైలు చూశాడు, పరుపు చూశాడు, మళ్లీ ఫైలు చూశాడు.

"మిగతా ముప్పై తొమ్మిది ఎక్కడ?"

జాన్‌బాషాకు అర్థం కాలేదు. అధికారి బిల్లు తీసి చూపించాడు. పైన జాన్‌బాషా పరుపుల షాపు అని అచ్చు. కింద, సిబ్బంది శిక్షణ కేంద్రానికి ఫోము పరుపులు నలభై, ఒక్కోటి పదకొండు వేల అయిదొందలు, మొత్తం నాలుగు లక్షల అరవై వేలు. కింద సంతకం. డబ్బు ముట్టినట్టు స్టాంపు.

కూడినవాళ్లలో గుసగుస లేచింది. మూడు రోజులుగా మేనేజరు మీదున్న చూపులన్నీ ఇప్పుడు జాన్‌బాషా మీదికి తిరిగాయి. అతను బిల్లులోకి వంగి ఒక్క మాట దగ్గర వేలు పెట్టాడు.

"ఫోమా అండి?" అన్నాడు.

"అవును."

"నా జన్మలో ఫోము ముట్టుకోలేదండి. జగ్గయ్యపేటలో ఎవర్నన్నా అడగండి. నాలుగు లక్షలంటే అన్నారు, నేను ఫోము అమ్మానని ఎట్లా రాస్తారండి?"

భవానీప్రసాద్ ఆ జవాబును ఊహించలేదు. మూడేళ్లుగా ఆయన ముందు కూర్చున్న ప్రతి సాక్షీ ఫ్యాను వైపు చూసి గుర్తు లేదని చెప్పాడు. మొదటిసారి ఒక మనిషికి కోపం వచ్చింది. అదీ తప్పుడు లెక్క మీద కాదు, సరుకు మీద. ఆయనకు ఆసక్తి పుట్టింది.

"లోపలికి రా, మాట్లాడదాం."

"సార్, గాలికి దూదంతా పోద్దండి. ఇక్కడే కుట్టుకుంటా చెప్పొచ్చా? చేతులు ఊరికే ఉంటే నాకు మాటలు రావు."

ప్రభుత్వ విచారణల్లో ఇలాంటి వీలు ఉందో లేదో భవానీప్రసాద్‌కు గుర్తు రాలేదు. లేదని ఎక్కడా రాసి లేదు కదా అనుకున్నాడు. "కానీ," అన్నాడు. రాజ్యశ్రీ కుర్చీ వరండాలోకి లాక్కుంది.

జాన్‌బాషా సంచిలోంచి దబ్బనం, దారం తీశాడు. దేవమణి జనం వైపు తిరిగి, "చిందరవందర చేసినవాళ్లే ఏరాలి. గోడ పక్కన మీరు, జీపు దగ్గర మీరు," అని పంపకాలు చేసింది. నలభై మంది వంగి దూది ఏరసాగారు. దేవరాజ్ అందరికంటే ఎక్కువ ఏరాడు.

"ఈ బిల్లు నీ పుస్తకంలోదేనా?" అధికారి అడిగాడు.

జాన్‌బాషా కాగితం దగ్గరగా చూశాడు. "నాదేనండి. ఆ పుస్తకం బ్యాంకులోనే ఉండిపోయింది."

"ఎందుకు ఉండిపోయింది?"

"డబ్బులిచ్చిన రోజు మేనేజరుగారు పుస్తకం చూశారండి. అచ్చు బాగుంది, మా ప్రింటరుకి చూపిస్తాం, రేపు పట్టుకెళ్లమన్నారు. రేపెళ్తే ఎల్లుండి అన్నారు. ఇంక నేనే కొత్తది వేయించుకున్నా."

"గట్టిగా అడగలేదా?"

"అరవై రూపాయల పుస్తకం గురించి బ్యాంకు మేనేజర్ని ఎన్నిసార్లు అడుగుతామండి."

రాజ్యశ్రీ కలం ఒక్క క్షణం ఆగి, మళ్లీ వేగంగా కదిలింది. భవానీప్రసాద్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "సంతకం మాత్రం నీదేగా?"

దూది గుప్పిట్లో పట్టుకుని వచ్చిన దేవమణి భుజం మీదుగా బిల్లులోకి చూసింది. "ఇది ఇంగ్లీషు సంతకం. బాషాకి ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు," అంది.

"మీరు ఎవరండి?"

"పదకొండుసార్లు వచ్చాను. నా పేరు తర్వాత రాసుకుందురు గానీ, మీరు బాషాకి పంపిన రిజిస్టరు కవరు రసీదు వెనక్కి వచ్చే ఉంటుంది. దాని మీద వీడి సంతకం ఎట్లా ఉందో చూడండి."

రాజ్యశ్రీ లోపలికి పరుగున వెళ్లి రసీదు తెచ్చింది. దాని మీద పెద్ద తెలుగు 'జా', దాని పక్కన ఒదిగి ఒదిగి మిగతా అక్షరాలు. భవానీప్రసాద్ రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఆయన అన్న మాటలు ఫైలులోకి ఎక్కలేదు కానీ అక్కడున్నవాళ్లంతా విన్నారు.

"ఈ బ్యాంకు కొన్న జనరేటరు కోసం వెతికించా. ఆ పేరుతో షాపే లేదు. ఇరవై రెండు కంప్యూటర్లు, ఒక జీపు, ఏవీ లేవు. అమ్మినవాళ్లూ లేరు. మూడేళ్లలో ఒక నిజమైన మనిషీ, ఒక నిజమైన వస్తువూ నా ముందుకు రావడం ఇదే."

"నామీద కేసు లేనట్టేనాండి?" అన్నాడు జాన్‌బాషా, దారం పంటితో కొరుకుతూ.

"నువ్వు మొదటి సాక్షివి. ఈ దొంగ బిల్లు పాస్ చేసిన సంతకం నవీన్‌బాబుది. అతను ఇప్పటిదాకా అన్నీ పై కమిటీ మీదికి తోశాడు. పుస్తకం అతనే తీసుకున్నాడని నువ్వు చెబితే తోయడానికి చోటు ఉండదు. చెబుతావా?"

జాన్‌బాషా చెయ్యి ఆగింది. నవీన్‌బాబుకు ఊళ్లో ఇంకా మనుషులున్నారు. పరుపులు కుట్టుకునేవాడికి అలాంటివాళ్లతో పేచీ ఎందుకని అమీర్‌బీ అంటుంది. అతను తలెత్తి చూశాడు. మూడు లక్షల ఇరవై వేలు పోగొట్టుకున్న దేవమణి టీచరు, మోకాళ్ల నొప్పితో వంగి, జీపు చక్రం కింద దూది ఏరుతోంది.

"చెప్పేశాగా అండి. రాసుకోండి," అని మళ్లీ దబ్బనం దించాడు.

దేవమణి అడగాల్సింది ఒకటే ఉంది. అడిగింది. "అయితే మా డబ్బులొస్తాయా?"

"నవీన్‌బాబు ఆస్తుల జప్తుకి సిఫార్సు చేస్తా. ఎంత వస్తుందో, ఎప్పుడొస్తుందో చెప్పలేను," అన్నాడు భవానీప్రసాద్.

"చెప్పలేనన్నారు కదా, అది కూడా రాయమ్మా," అంది ఆమె రాజ్యశ్రీతో. "ఇన్నాళ్లూ ఎవరూ ఆ మాట కూడా చెప్పలేదు." తర్వాత తన పేరు, ఖాతా నంబరు, మొత్తం చెప్పి రాయించింది. రాసిందంతా తీసుకుని చదివి, రెండు చోట్ల ఒత్తులు దిద్ది, సంతకం పెట్టింది. పన్నెండోసారికి ఆమె పేరు ఆ ఆఫీసు కాగితం మీదికి ఎక్కింది.

ఒంటిగంటన్నరకు కుట్టు పూర్తయింది. నాలుగు వేళ్లకొక ముడి. భవానీప్రసాద్ వంగి అరచేత్తో నొక్కి చూశాడు. "ఎంత దూది పడుతుంది దీనికి?"

"పన్నెండు కిలోలు పెట్టానండి. ఇప్పుడు పదకొండుంటది. ఒక కిలో మీ కాంపౌండులో పోయింది."

ఆయన మరోసారి నొక్కాడు. కాస్త ఎక్కువసేపే నొక్కాడు. తర్వాత లేచి, ఈ పరుపును సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటున్నామని రాజ్యశ్రీకి చెప్పాడు. వాచ్‌మన్, ఇంకో ఇద్దరూ కలిసి దాన్ని లోపలికి మోశారు. పొద్దున రానివ్వనన్న వాచ్‌మన్ ఇప్పుడు అంచులు గోడకు తగలకుండా దారి చూపించాడు.

"మరి మా డ్రైవర్లు దేని మీద పడుకోవాలండి?" అన్నాడు యూనస్.

"కేసు తేలగానే ఇచ్చేస్తాం."

"ఎప్పుడు తేలుద్దండి?"

రసీదు మాత్రం ఇచ్చారు. యూనస్ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, పరుపు లేని ట్రాలీలో బోసిగా కూర్చున్నాడు. "దూది డబ్బులు నేనిస్తాలే, ఇంకోటి కుట్టించుకో," అన్నాడు దేవరాజ్, అతని వైపు చూడకుండా.

"అయితే కుట్టుకూలి నాకు వద్దు," అన్నాడు జాన్‌బాషా. తిరుగు దారిలో ట్రాలీ వెనక బళ్లు లేవు. చిల్లకల్లు దాటేదాకా ముగ్గురూ గాలికి కళ్లు మూసుకుని, అలసిపోయి కూర్చున్నారు.

నెల తిరిగేసరికి నవీన్‌బాబు ఇల్లు, రెండు స్థలాలు జప్తు చేస్తూ ఉత్తర్వు వచ్చిందని పేపర్లో పడింది. దేవమణి ఆ వార్తను మూడుసార్లు చదివి, తప్పులేమీ లేవని చూసుకుని, విచారణ కార్యాలయానికి ఫోన్ చేసింది. అప్పుడు మధ్యాహ్నం రెండుంపావు అయింది. రాజ్యశ్రీ ఫోన్ ఎత్తి చాలా మెల్లగా మాట్లాడింది.

"సారు కావాలంటే మూడు దాటాక చెయ్యండి మేడం. రోజూ భోజనమయ్యాక ఆయన గంటసేపు తలుపేసుకుని సాక్ష్యాన్ని పరిశీలిస్తున్నారు."